ఎర్రముక్కు పురుగు: పురుగుకి ముక్కేమిటి?

ప్రశ్న: మా కోనసీమలో కొబ్బరికి పట్టేవాటిలో ఒకదాన్ని కొమ్ము పురుగు అనీ, ఇంకోదాన్ని ఎర్రముక్కు పురుగు అనీ అంటామండి. రెండూ ఒకటే జాతి, ఆడా మగా అని పక్క తోట రైతుగారి మాట. నిజమేనా? అసలు పురుగుకి ముక్కేమిటండీ?

జవాబు: రెండూ పెంకు పురుగులే గానీ జాతులు వేరండి. కొమ్ము పురుగు నల్లగా బొద్దుగా ఉంటుంది. కొమ్ము ఆడదానికీ ఉంటుంది, కాకపోతే పొట్టిది. మొవ్వుని, అంటే చెట్టు తలలో ఇంకా విచ్చుకోని లేత మట్టని, తొలిచేది మాత్రం దవడలతో. అందుకే ఆ మట్ట విచ్చుకున్నాక కత్తెరేసినట్టు కనబడుతుంది.

ఇక ముక్కు. ఎర్రముక్కు పురుగుని అరచేతిలో పెట్టుకుని చూడండి. తల ముందుకి సన్నగా సాగి కిందికి వంగి ఉంటుంది. ఆ కొసనే దాని నోరు. తెలుగులో ముక్కంటే వాసన చూసేది మాత్రమే కాదు కదా, పిట్ట ముక్కు కూడా ముక్కే! ఆడపురుగు ఆ ముక్కుతోనే చెట్టు మెత్తగా ఉన్నచోట చిల్లి చేసి గుడ్డు పెడుతుంది. ఇంకో విశేషం, వాసన పట్టే మీసాలు కూడా ఆ ముక్కు మొదట్లోనే ఉంటాయి. ఇంత చక్కగా కుదిరిన పేరుని వదులుకోకూడదని నా అభిప్రాయం.

మరొకరు: మేం పెంటకుప్పలో తెల్లటి లావుపాటి పురుగుని పెంటపురుగు అంటాం. అది ఈ రెంటిలో దేని పిల్లండి?

జవాబు: కొమ్ము పురుగు పిల్ల అయ్యుండొచ్చు. అది పెరిగేది పెంటకుప్పలో, కుళ్ళిన మొద్దుల్లో. రెక్కలొచ్చాకే చెట్టెక్కుతుంది. పేరు మారేసరికి పెంటపురుగూ కొమ్ము పురుగూ వేరనుకుంటాం, నష్టం అక్కడే. ఎర్రముక్కుది గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా చెట్టులోనే కాపురం. మానుకి చెవి ఆనిస్తే లోపల కొరుకుతున్న చప్పుడు వినిపిస్తుంది, చిల్లుల్లోంచి నమిలిన పీచూ గోధుమరంగు రసమూ బయటికొస్తాయి. పైగా కొమ్ము పురుగు చేసిన గాయాల్లోనూ ఇది గుడ్లు పెడుతుంది.

అందుకే మందూ వేరు. పెంటకుప్పలో మెటారైజియం శిలీంధ్రం కలిపితే కొమ్ము పురుగు పిల్లలు చస్తాయి, మానులో ఉన్న ఎర్రముక్కు పిల్లలకి అది అందదు. కుప్ప తిరగేసినప్పుడు దొరికిన పిల్లకి కాళ్ళున్నాయేమో చూడండి. కొమ్ము పురుగు పిల్లకి ఆరుంటాయి, ఎర్రముక్కు పిల్లకి అసలుండవు.