కోవిడ్ తర్వాత కోనసీమ ఊళ్లలో మనసు బాగోగుల సర్వే: ఎలా అడగాలి?

అమలాపురం_ఎంఎస్‌డబ్ల్యూ: ప్రాజెక్టు కోసం అమలాపురం, రాజోలు చుట్టుపక్కల సర్వే చేయాలండి. కోవిడ్‌లో జనం ఏమనుకున్నారు, ఇప్పుడు మనసు ఎలా ఉంది అన్నది విషయం. గూగుల్ ఫారం వాట్సాప్ గ్రూపుల్లో పెడితే రెండు వేల జవాబులు వస్తాయి. వాటిని ప్రపంచ లెక్కలతో పోల్చొచ్చా? పీహెచ్‌క్యూ-9 అనే కుంగుబాటు ప్రశ్నావళి వాడమని కొందరంటున్నారు.

లెక్కల_మేస్టారు: రెండు వేలని ధైర్యపడకండి. అమెరికాలో ఫేస్‌బుక్ ద్వారా వారానికి రెండున్నర లక్షల మందిని అడిగిన సర్వే, 2021 మేలో టీకా వేయించుకున్నవాళ్లను 17 శాతం పాయింట్లు ఎక్కువ చూపించింది. పద్ధతిగా ఎంచుకున్న వెయ్యి మంది సర్వే నిజానికి దగ్గరగా వచ్చింది. మీ గ్రూపుల్లో ఎవరు లేరో చూడండి: కూలికెళ్లే ఆడవాళ్లు, ఒంటరి ముసలివాళ్లు, ఇంట్లో ఒకే ఫోను ఉండి అది మగవాళ్ల జేబులో ఉండే కుటుంబాలు. ఎక్కువ నలిగిపోయింది వాళ్లే.

మీ లెక్క నిజానికి 5 శాతం అటూ ఇటూలోనే ఉందని 95 శాతం నమ్మకం కావాలంటే 384 మందిని అడగాలి. ఒకే వీధివాళ్ల జవాబులు ఒకేలా ఉంటాయి కాబట్టి దాన్ని ఒకటిన్నర రెట్లు చేయండి, 576. ముప్పై పోలింగ్ బూత్‌లు చీటీ తీసి, ఒక్కో దాంట్లో ఇరవై ఇళ్లు, అంటే 600, కాస్త ఎక్కువే. ఇంట్లో ఎవరిని అడగాలన్నదీ చీటీయే తేల్చాలి, తలుపు తీసినవాళ్లు కాదు. మనిషి లేకపోతే వేరే వేళల్లో మూడుసార్లు వెళ్లండి, పక్కింటికి మారొద్దు. వరదలొచ్చే జూలై, ఆగస్టుల్లో వద్దు. అప్పటి దిగులు గోదావరిదో కోవిడ్‌దో తేలదు.

పీహెచ్‌సీ_కౌన్సెలర్: పీహెచ్‌క్యూ-9 తెలుగులో ఉంది. పశ్చిమ గోదావరిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టులో ఆశా కార్యకర్తలే దాంతో అడిగారు. కానీ తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచన గురించి. ఎవరైనా అవునంటే అదే రోజు డాక్టరు దగ్గరికి చేర్చే ఏర్పాటు మీకుందా? లేకపోతే ఆ ప్రశ్నావళే వదిలేసి, డబ్ల్యూహెచ్‌ఓ-5 తీసుకోండి. అది మనసు బాగోగులు కొలిచే ప్రశ్నావళి: అయిదు వాక్యాలు, గత రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 5. మొత్తాన్ని 4తో గుణిస్తే నూటికి వస్తుంది. 50, అంతకంటే తక్కువైతే ఇంకా లోతుగా చూడాలని అర్థం, జబ్బని కాదు. ఏది వాడినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉన్న చీటీ ప్రతి ఇంట్లో ఇచ్చి రండి.

అరుగు మీద నలుగురి ముందు అడిగితే "బాగానే ఉన్నామండి" తప్ప ఇంకో మాట రాదు. కోడలిని అత్తగారి ముందు అసలు అడక్కండి. పింఛనుకీ రేషన్ కార్డుకీ దీనికీ సంబంధం లేదని మొదటే చెప్పండి, లేకపోతే పథకం కోసమనుకుని కష్టాలు పెంచి చెబుతారు.

అమలాపురం_ఎంఎస్‌డబ్ల్యూ: డబ్ల్యూహెచ్‌ఓ-5 తీసుకుంటానండి. మరి 2020 సంగతులు, ప్రపంచంతో పోలిక?

లెక్కల_మేస్టారు: అప్పటి మనసుకి ఇప్పుడు మార్కులు వేయించొద్దు, జ్ఞాపకం మారిపోయి ఉంటుంది. జరిగినవి అడగండి: 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఎన్ని వారాలు పని లేదు, 2021 ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లో ఎవరైనా పోయారా, గల్ఫ్ నుంచి డబ్బు ఆగిందా.

తొలి ఏడాదిలో కుంగుబాటు, ఆందోళన 25 శాతం పెరిగాయని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది రుగ్మతల అంచనా. మీ స్కోర్లను దాని పక్కన పెట్టకూడదు. పోల్చాలంటే గ్యాలప్ అనే సర్వే సంస్థ వాళ్ల నిచ్చెన ప్రశ్న కలపండి: అతి మంచి బతుకు పదో మెట్టు, అతి చెడ్డది సున్నా, మీరెక్కడ? దానితోపాటు నిన్న దిగులుగా ఉన్నారా అనీ అడగాలి. 2020లో ప్రపంచ సగటు నిచ్చెన మీద పెద్దగా కదల్లేదు, నిన్నటి దిగులు మాత్రం పెరిగింది. ఒక్కటే అడిగితే రెండోది మీ కంటికి కనపడదు.