పెళ్లి క్యాసెట్టుకి 60 ఫ్రేములు: లేని ఫ్రేముల్ని కోడుతో పుట్టించడం సబబేనా?

తణుకు_తమ్ముడు:
అమ్మానాన్నల పెళ్లి 1996లో. వీహెచ్ఎస్ క్యాసెట్టు. ఆరేడేళ్ల క్రితం ఒక షాపులో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. ఎంపీ4 ఫైలు, గంటా యాభై నిమిషాలు, ప్రాపర్టీస్‌లో సెకనుకి 30 ఫ్రేములని చూపిస్తోంది. కెమెరా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిరిగినప్పుడల్లా గతుకుల రోడ్డు మీద ఎడ్లబండిలా బొమ్మ ఎగిరెగిరి పడుతోంది.

60 చేస్తే నున్నగా వస్తుందనుకుని పైథాన్‌లో ఓపెన్‌సీవీ అనే బొమ్మల లైబ్రరీతో కోడు రాశా. ఒక్కో ఫ్రేము చదవడం, వీడియోరైటర్‌కి 60 అని చెప్పి రాసేయడం, అంతే. పెళ్లి 55 నిమిషాల్లో అయిపోయింది! పంతులుగారు పరుగులు పెడుతున్నారు. మాటా లేదు, మేళమూ లేదు.

తర్వాత వీడియోలు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో, ఉన్న ఫ్రేముల మధ్య కొత్తవి ఊహించి పుట్టించే ఎంఇంటర్‌పొలేట్ ఫిల్టర్ పెట్టి రాత్రంతా నడిపా. నున్నగానే వచ్చింది. కానీ తలంబ్రాల దగ్గర బియ్యం గాల్లోనే పిండయిపోతోంది. తాళి కట్టేటప్పుడు నాన్న వేళ్లు జీడిపాకంలా సాగి పసుపుతాడులో కలిసిపోతున్నాయి. చెల్లికి నచ్చింది. నాన్న ఒక్క నిమిషం చూసి "ఇదేంట్రా, సీరియల్లా ఉంది" అని లేచి వెళ్లిపోయారు. ఇద్దరిలో ఎవరు రైటు? కెమెరా తీయని ఫ్రేముని మనం చేర్చవచ్చా?

కోడుకోతి:
మొదటి పొరపాటు అందరం చేసిందేలే తమ్ముడూ. వీడియోరైటర్‌కి ఇచ్చే 60 బస్తా మీద అంటించే చీటీ లాంటిది. చీటీ మారిస్తే బస్తాలో బియ్యం పెరగవు. ఉన్న ఫ్రేముల్నే రెట్టింపు వేగంతో చూపించమన్నావు, చూపించింది. ఓపెన్‌సీవీ ఆడియో జోలికి పోదు కాబట్టి మేళం కూడా పోయింది.

ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోనూ ఇదే తిరకాసు ఉంది. మైనస్ ఆర్ అన్న ఆప్షన్ ఇన్‌పుట్ ఫైలు పేరుకి ముందు పెడితే, ఫైల్లో రాసి ఉన్న సమయాలన్నీ పక్కనపడేసి నువ్వు చెప్పిన లెక్కన ఆడిస్తుంది. నిడివి మారిపోతుంది. అవుట్‌పుట్ పేరుకి ముందు పెడితే నిడివి కదలదు, అవసరాన్ని బట్టి ఫ్రేముల్ని మళ్లీ మళ్లీ వాడుకుంటుంది, లేదంటే పారేస్తుంది. ఎఫ్‌పీఎస్ ఫిల్టర్ చేసేదీ ఈ రెండో పనే.

స్మూత్‌శేఖర్:
తప్పు ఐడియాది కాదు, పనిముట్టుది. ఎంఇంటర్‌పొలేట్ పాతకాలం పద్ధతి, బొమ్మని గడులుగా కోసి ఏ గడి ఎటు కదిలిందో అంచనా వేస్తుంది. రైఫ్ లాంటి న్యూరల్ మోడల్‌తో చేసి చూడు, వేళ్లు చాలా నయంగా వస్తాయి. ఇక నైతిక ప్రశ్న అంటావా? సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ మొదటి ప్రపంచయుద్ధం నాటి రీళ్లని 2018లో 24 ఫ్రేములకి తెచ్చాడు. చేత్తో హ్యాండిల్ తిప్పి తీసినవి, 10 నుంచి 18 ఫ్రేముల మధ్య ఉండేవి. మధ్యలోవి పుట్టించినవే కదా? వందేళ్ల తర్వాత ఆ సైనికులు మనుషుల్లా నడిచారు. మీ ఇంట్లో టీవీ కూడా రోజూ ఇదే పని చేస్తోంది.

రీలుబాబాయ్:
టీవీ చేస్తోందనే కదా నాయనా, 2018 డిసెంబరులో టామ్ క్రూజ్ అంతటివాడు వీడియో పెట్టి మరీ ఆ మోషన్ స్మూతింగ్ ఆపేసుకోండని మొత్తుకున్నాడు.

నేను హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశాను. 35 ఎంఎం రీలులో అడుగుకి 16 ఫ్రేములు, సెకనుకి 24, అంటే నిమిషానికి 90 అడుగులు. కానీ తెర మీద వెలుగు సెకనుకి 24 సార్లు కాదు, 48 సార్లు పడేది. షట్టర్‌కి రెండు రెక్కలు ఉండేవి, ఒక్కో ఫ్రేముని రెండేసి సార్లు చూపించేది. లేకపోతే తెర మిణుకుమిణుకుమంటుంది. ఉన్న ఫ్రేముని మళ్లీ చూపించాం గానీ ఏనాడూ కొత్తది పుట్టించలేదు. జనం ఈలలు వేశారు.

తణుకు బాబు వీడియో ఎగిరిపడడానికి ఫ్రేములు చాలకపోవడం కారణం కాదని నా అనుమానం. అన్ని ఫ్రేముల్నీ సమానంగా రెండేసి సార్లు చూపిస్తే కన్ను సర్దుకుంటుంది. ఐదింట్లో ఒక్కదాన్నే రెండుసార్లు చూపిస్తే మాత్రం ఇట్టే పట్టేస్తుంది.

ఫీల్డ్‌మాస్టారు:
బాబాయ్ గారు చేయి సరిగ్గా పెట్టాల్సిన చోటే పెట్టారు. ఇంతసేపూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: 1996లో మన దేశంలో తీసిన వీహెచ్ఎస్‌కి 30 ఎక్కడిది? మన టీవీలది, వీడియోలది పాల్ పద్ధతి, సెకనుకి 25 ఫ్రేములు. ఆ షాపాయన దాన్ని 30 చేసి ఇచ్చాడు. అంటే సెకనుకి ఐదు ఫ్రేములు నకలు. ప్రతి ఆరింటిలో ఒకటి ముందుదాని కాపీయే. నీ ఎడ్లబండి గతుకు అదే తమ్ముడూ. దాని మీద ఎంఇంటర్‌పొలేట్ నడిపితే కదలని రెండు ఫ్రేముల మధ్య కూడా కదలిక వెతికింది పాపం.

పరీక్ష సులువు. కెమెరా తిరిగే చోట ప్లేయర్‌లో ఒక్కో ఫ్రేమే ముందుకు జరుపు. ఐదు కదిలి ఆరోది కదలకపోతే నేను చెప్పిందే. అప్పుడు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో డెసిమేట్ ఫిల్టర్‌కి సైకిల్ 6 ఇవ్వు, నకళ్లు ఏరేసి 25 చేస్తుంది. నిడివి మారదు, ఆడియో అలాగే ఉంటుంది. ఫైలు సరిగ్గా 30 ఉందో, 29.97 ఉందో మాత్రం ముందే చూసుకో. 29.97 అయితే ఆరింటికొకటి లెక్క పూర్తిగా కుదరదు, సుమారు 40 సెకన్లకొక అసలు ఫ్రేము కూడా ఎగిరిపోతుంది.

ఇది సగం కథే. పాల్ క్యాసెట్టులో సెకనుకి 25 ఫ్రేములంటారు గానీ ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు ఉంటాయి. సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాతివి. అంటే ఆ టేపు మీద సెకనుకి 50 అసలైన క్షణాలు ఉన్నాయి! షాపాయన వాటిలో సగం పారేసి, మిగిలిన సగంలో కొన్నిటికి నకళ్లు చేసి చేతిలో పెట్టాడు. నువ్వేమో పారేసినవాటి బదులు ఊహించినవి అతికిస్తున్నావు.

క్యాసెట్టు ఉంటే మళ్లీ క్యాప్చర్ చెయ్యి, 720 బై 576 సైజులో, ఇంటర్‌లేస్ (రెండు ఫీల్డుల గీతలు ఒకదాని మధ్య ఒకటి ఉండడం) అలాగే ఉంచి. తర్వాత ఒక్కో ఫీల్డునీ పూర్తి ఫ్రేము చేసే బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్ పెడితే 50 ఫ్రేములు వస్తాయి. అలాంటిదే యాడిఫ్ వాడితే జాగ్రత్త, ఏమీ చెప్పకుండా వదిలేస్తే 25 మాత్రమే ఇస్తుంది, మోడ్ 1 అని చెప్పాలి. ఏ ఫీల్డు ముందో తప్పుగా చెబితే మనుషులు రెండడుగులు ముందుకీ ఒకడుగు వెనక్కీ వేస్తూ నడుస్తారు, కంగారు పడకు, తిప్పి చెబితే సరి.

స్మూత్‌శేఖర్:
మాస్టారూ, మీరూ పుట్టిస్తున్నారుగా మరి! ఒక్కో ఫీల్డులో ఉండేవి 288 గీతలే. మిగతా 288 బీడబ్ల్యూడిఫ్ పక్క గీతల నుంచి ఊహించి నింపుతుంది. మీరు బొమ్మలో సగం ఊహిస్తే శాస్త్రం, నేను సమయంలో సగం ఊహిస్తే అబద్ధమా?

ఫీల్డ్‌మాస్టారు:
మంచి దెబ్బే కొట్టావు, ఒప్పుకుంటా. నింపడం నింపడమే. కానీ గీత నింపేటప్పుడు పైనా కిందా ఆ క్షణంలోనే కెమెరా చూసిన గీతలు ఉన్నాయి. తప్పు జరిగితే అంచు కాస్త మెట్లు మెట్లుగా కనిపిస్తుంది, అంతే. నీ మధ్య ఫ్రేము ఉందే, ఆ క్షణాన్ని ఏ కెమెరా చూడలేదు. చెయ్యి అడ్డం వచ్చి తాడు కనబడకపోతే, అది ఎక్కడుందో మోడల్ కథ అల్లాల్సిందే. మూడు ముళ్ల దగ్గరే సరిగ్గా కథ అల్లుతోంది, చూశావుగా.

డాలస్‌పిన్ని:
మీ వాదన బాగుంది గానీ మా ఇంట్లో టీవీ 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ వేస్తుంది. 50 ఫ్రేముల ఫైలు వేస్తే మళ్లీ ఐదింటికొకటి రెండుసార్లు కనిపిస్తుంది, గతుకు గతుకే. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఆవిడకి చూపించడానికి నేను 60 ఇంటర్‌పొలేట్ చేసిన కాపీయే పెట్టాను. ఆవిడ ఫ్రేములు లెక్కపెట్టలేదు, వాళ్ల నాన్నని చూసి ఏడ్చింది.

ఫీల్డ్‌మాస్టారు:
అమ్మకి చూపించడానికి ఏ కాపీ అయినా పర్లేదమ్మా. అసలుది 50లో విడిగా దాచిపెట్టి, కాపీ ఫైలు పేరులోనే "ఇంటర్‌పొలేట్ చేసినది" అని రాయండి. పదేళ్ల తర్వాత పిల్లలకి ఏది ఏదో తెలియదు.

స్మూత్‌శేఖర్:
ఆ పేరు పెట్టే పనికి నేనూ సరే. మిగతాదానికి కాదు.

తణుకు_తమ్ముడు:
చూశా. ఆరోది కదలట్లేదు, లెక్క తప్పకుండా ప్రతిసారీ! ఫైలు సరిగ్గా 30. డెసిమేట్ పెట్టాక గంటా యాభై నిమిషాలూ అలాగే ఉన్నాయి, సన్నాయి పెదవులతో కలుస్తోంది. ఊరేగింపులో గతుకు పోయింది. సగం క్షణాలు పోయిన వీడియోనే అయినా నాన్న ఈసారి లేవలేదు. పూలు రాలే మిక్సింగ్ ఎఫెక్టు వచ్చినప్పుడు మాత్రం "దానికి 300 ఎక్స్‌ట్రా తీసుకున్నాడు" అన్నారు. చెల్లి ఇంకా జీడిపాకం వెర్షనే బాగుందంటోంది.

క్యాసెట్టు పెద్ద మామయ్య ఇంట్లో బీరువాలో దొరికింది. టేపు చివర్న అప్పగింతల మీద మామయ్య క్రికెట్ మ్యాచ్ రికార్డు చేసుకున్నాడట, అత్తయ్యకి ఇప్పుడే తెలిసింది, అది వేరే చర్చ. మిగతాది బాగానే ఉందంటున్నారు, బూజు కూడా పట్టలేదు. తణుకు, భీమవరం చుట్టుపక్కల పనిచేసే వీసీఆర్ ఎవరి దగ్గరైనా ఉందా? రెండు రోజులు చాలు. హెడ్డు క్లీనింగు ఖర్చు నాదే.

రీలుబాబాయ్:
తాడేపల్లిగూడెంలో మా తోడల్లుడి అటక మీద ఒకటుంది. బెల్టు మార్పించాలి. మెసేజ్ పెట్టు.