పక్షవాతం వచ్చిన చేతి నరాల రిపోర్టులో తేడా: మెదడు వల్లా, మోచెయ్యి వల్లా?

గాజువాక ఫిజియో:
ఎన్‌సీఎస్ (నరాల్లో కరెంటు సంకేతం వేగం, బలం కొలిచే పరీక్ష) రిపోర్టులు చదివే అలవాటున్నవాళ్లు కాస్త చూడండి. పేషెంటుకి 63 ఏళ్లు. కుడి మెదడులో రక్తనాళం మూసుకుపోయి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. ఇది ఆరో వారం. 11 ఏళ్లుగా షుగరు, మెట్‌ఫార్మిన్ వాడకం. భుజం కాస్త లేస్తోంది, మోచెయ్యి బిగుసుకుంటోంది, వేళ్లు మాత్రం వేలాడుతూనే ఉన్నాయి.

ఎడమ అల్నార్ నరం (మోచెయ్యి వెనకగా చిటికెనవేలివైపు వెళ్లేది) వేగం ముంజేతిలో సెకనుకి 54 మీటర్లు, మోచెయ్యి దాటేచోట 38. కుడివైపు అవే 56, 53. పెరోనియల్ (పాదాన్ని పైకెత్తే నరం) ఆంప్లిట్యూడ్, అంటే సంకేతం బలం, ఎడమకాలిలో 1.9 మిల్లీవోల్టులు, కుడికాలిలో 4.4. వేగం మాత్రం రెండువైపులా 43 దగ్గరే. సూరల్ (పిక్క వెనక దిగే స్పర్శనరం) రెండు కాళ్లలోనూ 4 మైక్రోవోల్టులు. సూది పెట్టి చూసినప్పుడు (ఈఎంజీ) ఎడమ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలోనూ (దీన్ని నడిపేది అల్నార్ నరమే), మోకాలి కింద ముందువైపు కండలోనూ ఫిబ్రిలేషన్లు (కండపోగులు వాటంతటవే కొట్టుకోవడం) కనిపించాయి. చివర ‘పెరిఫెరల్ న్యూరోపతి’ (కాళ్లూచేతుల నరాల జబ్బు) అని రాసి వదిలేశారు. చెయ్యి ఎంత చల్లగా ఉందో రాయలేదు.

ఇంటివాళ్ల ప్రశ్న న్యాయమైనదే: మొన్నటిదాకా మెదడులో దెబ్బ అన్నారు, ఇప్పుడు చేతి నరాలు కూడా పోయాయంటున్నారు, ఏది నిజం? వాళ్లకి ఏం చెప్పాలి, రోజువారీ పనిలో ఏం మార్చాలి?

ఈఎంజీ గది:
‘పెరిఫెరల్ న్యూరోపతి’ అనే ఆ ఒక్క మాటలో మూడు వేరువేరు సంగతులు కలిపేశారు. విడదీసి చూడండి.

పక్షవాతంలో తెగేది మెదడు నుంచి వెన్నుపాముకి దిగే దారి. వెన్నుపాము నుంచి కండదాకా వచ్చే నరం మొదటిరోజున చెక్కుచెదరదు. అందుకే తొలివారంలో చేసిన ఎన్‌సీఎస్ సాధారణంగా బాగానే ఉంటుంది. తర్వాత రెండు మూడు వారాలకి కొందరిలో కథ మారుతుంది. పైనుంచి సందేశాలు రాక వెన్నుపాములోని మోటారు కణాలు కొన్ని నీరసిస్తాయని, వాటి కింద ఉన్న కండపోగులు అనాథలై తమంతట తామే కొట్టుకుంటాయని వివరణ. సూదికి వినపడే ఫిబ్రిలేషన్లు అవే. భుజం కన్నా చేతివేళ్ల దగ్గర ఎక్కువగా దొరుకుతాయి, కదలిక తిరిగొచ్చేకొద్దీ తగ్గుతాయి. కాబట్టి ఆరో వారంలో ఫిబ్రిలేషన్ కనపడినంతమాత్రాన నరం తెగిందని ఇంటివాళ్లని భయపెట్టక్కర్లేదు.

మోచెయ్యి సంగతి వేరు. పడిపోయిన చెయ్యి చల్లగా ఉంటుంది, అందులోనూ ఏసీ గదిలో. ఒక్కో డిగ్రీ తగ్గితే వేగం సుమారు 1.5 నుంచి 2.5 మీటర్లు పడిపోతుంది. కానీ చలి చెయ్యంతటినీ నెమ్మదింపజేస్తుంది, మోచెయ్యి ఒక్కదాన్నే పట్టుకోదు. ముంజేతిలో 54 ఉండి మోచెయ్యి దగ్గర 38కి దిగిందంటే 16 తేడా. 10 దాటితే అక్కడ నరం నొక్కుకుంటోందని అనుమానించాలి.

ఒక్క మెలిక ఉంది. పరీక్షలో మోచెయ్యి ఎంత వంచారో కనుక్కోండి. 70 నుంచి 90 డిగ్రీలు వంచి, చర్మం మీద సుమారు 10 సెంటీమీటర్ల దూరం ఆ వంపు వెంబడే కొలవాలి. చెయ్యి చాచి చేస్తే లోపల నరం వదులుగా ముడతపడి ఉంటుంది, మన టేపు కొలత అసలు నరం పొడవు కన్నా తక్కువొస్తుంది, లేని నెమ్మదితనం కనిపిస్తుంది. కుడిచెయ్యి ఒకలా, ఎడమచెయ్యి ఒకలా పెట్టి చేస్తే పోల్చడానికే పనికిరాదు.

రిపోర్టులో నాకు లోటుగా కనిపించింది చిటికెనవేలి స్పర్శ సంకేతం. ఇది చాలా విలువైనది. స్పర్శనరాల కణాలు వెన్నుపాము బయట ఉంటాయి. అందుకే మెదడు దెబ్బవల్ల పేషెంటుకి చెయ్యి ముట్టినా తెలియకపోవచ్చుగాని, ఆ సంకేతం మామూలుగానే ఉంటుంది. అది కూడా పడిపోయిందంటే తప్పు మెదడుది కాదు, చేతిలోనే ఉంది. బొటనవేలి మూలకండలో (మీడియన్), చూపుడువేలిని చాచే కండలో (రేడియల్) కూడా సూది పెట్టించండి. మూడు నరాల కండల్లోనూ ఫిబ్రిలేషన్లుంటే పక్షవాతం తాలూకు మార్పు. అల్నార్ కండల్లోనే ఉంటే మోచెయ్యే దోషి.

సూరల్ రెండువైపులా సమానంగా తక్కువుంది కదా, అది షుగరు పని అనుకోవచ్చు. పక్షవాతం రెండు కాళ్లనీ సమానంగా పట్టదు.

ఎంవీపీ ఓటీ:
పై వివరణతో ఏకీభవిస్తాను. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని (ఓటీ), మంచం దగ్గర పని గురించే రాస్తాను. ఇలాంటి చేతుల్లో నరం దెబ్బ చాలావరకు మనం అడ్డుకోగలిగినదే.

మోచెయ్యి లోపలివైపు ఎముక వెనక గాడిలో అల్నార్ నరం చర్మానికి ఆనుకునే ఉంటుంది. స్పర్శ లేని మనిషికి అక్కడ నొక్కుకుంటున్నట్టు తెలియదు. బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ చేతిమీద మోచెయ్యి ఆనించి గంటలకొద్దీ కూర్చోబెడతారు, నష్టం అక్కడే జరుగుతుంది. కుర్చీ చేతిమీద మందపాటి స్పాంజి వేసి, ముంజేతి మధ్యభాగం ఆనేలా పెట్టండి, మోచెయ్యి కొన ఆనకూడదు. రాత్రి పడుకున్నప్పుడు మోచెయ్యి 30 నుంచి 45 డిగ్రీల వంపులో ఆగేలా టవల్ వదులుగా చుట్టండి. బిగుతు లాగేస్తుంటే మెత్తటి స్ప్లింట్ వేసి, రెండు గంటలకోసారి విప్పి చర్మం చూడండి. మన విశాఖ ఉక్కపోతకి స్ప్లింట్ కింద చెమటపట్టి ఒరిసిపోతుంది, లోపల పల్చటి నూలు గుడ్డ ఉండాలి.

కాలికి: పడిపోయిన కాలు పడుకున్నప్పుడు బయటికి దొర్లుతుంది. మోకాలి బయటివైపు, కాస్త కిందగా చేతికి తగిలే ఎముక బొడిపె మంచం పట్టీకి ఒత్తుకుంటుంది. పెరోనియల్ నరం తిరిగేది ఆ బొడిపె మెడచుట్టే. తొడ బయటివైపు దిండు దోపితే కాలు నిటారుగా నిలుస్తుంది. ఏఎఫ్ఓ (పాదం వాలిపోకుండా మడమకీ పిక్కకీ వేసే తొడుగు) వేస్తుంటే దాని పై అంచు, పట్టీ ఆ బొడిపెకి 2 నుంచి 3 సెంటీమీటర్లు కిందే ఉండాలి.

గాజువాక ఫిజియో:
ఎంవీపీ గారూ, వాళ్లు కుర్చీలోనే కూర్చోబెడుతున్నారు, పైగా గూడ జారిందని రోజంతా స్లింగ్ (చేతిని మెడకి వేలాడదీసే పట్టీ) వేసే ఉంచుతున్నారు. ఆ ఏఎఫ్ఓ పట్టీ కూడా సరిగ్గా బొడిపె మీదే ఉంది.

ఎంవీపీ ఓటీ:
స్లింగ్ నిలబడినప్పుడు, నడిచినప్పుడు మాత్రమే. రోజంతా వేస్తే మోచెయ్యి 90 డిగ్రీలు వంగే ఉంటుంది, అల్నార్ నరం సాగి నొక్కుకుంటుంది, భుజం లోపలికి తిరిగి బిగుస్తుంది. కూర్చున్నప్పుడు ఒళ్లో దిండు మీద ముంజేయి పెడితే గూడకి ఆసరా అదే.

రెక్క పట్టి లేపడం వెంటనే మాన్పించండి. ఆటో ఎక్కించేటప్పుడు, లిఫ్టు లేని మెట్ల దగ్గర ఇదే జరుగుతుంది. జారిన గూడని లాగితే మెడనుంచి చేతికి దిగే నరాల గుచ్ఛం సాగిపోతుంది. గుర్తుపట్టడానికి ఒక సూచన: పక్షవాతంలో మామూలుగా భుజం ముందు కోలుకుంటుంది, వేళ్లు తర్వాత. వేళ్లు కదులుతూ భుజం మాత్రం వదులుగా, కండ కరిగి, రిఫ్లెక్స్ లేకుండా ఉందంటే గుచ్ఛం దెబ్బతిన్నదని అనుమానించాలి. మీ పేషెంటుది మామూలు వరసే కాబట్టి ఆ భయం ఇప్పటికి తక్కువ.

కుడిచెయ్యినీ చూడండి. కర్ర మీద బరువంతా అరచేతి మొదట్లో మోపితే మంచి చేతిలో మణికట్టు నరం నొక్కుకుంటుంది. కర్ర పిడి మణికట్టు గీత ఎత్తులో ఉండాలి, పట్టుకున్నప్పుడు మోచెయ్యి 20 నుంచి 30 డిగ్రీలు వంగాలి.

ఈఎంజీ గది:
బొడిపె మీద పట్టీ అంటే పెరోనియల్ లెక్క మారింది. బొడిపెకి కింద, పైన విడిగా కరెంటు ఇచ్చి చూడమనండి. పైన ఇచ్చినప్పుడు ఆంప్లిట్యూడ్ ఒక్కసారిగా పడిపోతే ఒత్తిడి అక్కడే. మామూలుగా రికార్డు చేసే పాదం మీది చిన్న కండ చాలామందిలో ముందే కరిగి ఉంటుంది, కాబట్టి మోకాలి కింద ముందువైపు కండ నుంచి కూడా రికార్డు చేయించాలి.

స్టిమ్యులేటర్ సెట్టింగులు:
మీ దగ్గర కండకి కరెంటు ఇచ్చే పోర్టబుల్ మెషీన్ (స్టిమ్యులేటర్) ఉంటే ఓ చిన్న పరీక్ష. 300 మైక్రోసెకన్ల పల్స్, 35 హెర్ట్జ్. ముంజేతి వెనక ఎలక్ట్రోడ్లు పెట్టి మెల్లగా పెంచండి. మణికట్టు చక్కగా పైకి లేస్తే ఆ కండకి వచ్చే నరం బతికే ఉంది. నరం పూర్తిగా పోయిన కండ ఇంత పొట్టి పల్స్‌కి పలకదు, పదుల మిల్లీసెకన్ల పల్స్ కావాలి. పలికితే 5 సెకన్లు ఆన్, 15 సెకన్లు ఆఫ్, 20 నిమిషాలు, పేషెంటు తనూ ఎత్తే ప్రయత్నం చేస్తూ. పేస్‌మేకరు ఉంటే వద్దు. స్పర్శలేని చర్మం కాలినా చెప్పలేరు, తీశాక ఎలక్ట్రోడ్ల కింద తప్పక చూడండి. వేడినీళ్ల బ్యాగూ అందుకే వద్దు.

‘నరాల ఇంజెక్షన్’ (బీ12 సూది) గురించి ఇంటివాళ్లు అడుగుతారు. అది మెదడులో తెగిన దారిని అతకదు, మోచెయ్యి ఒత్తిడినీ తీయదు. కానీ మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడితే బీ12 తగ్గొచ్చు. కాబట్టి బీ12, హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగరు) చూపించి, బీ12 తగ్గితేనే ఆ ఇంజెక్షన్, డాక్టరు చెప్పిన మోతాదులో.

ఈఎంజీ గది:
పట్టీ, స్లింగ్, కుర్చీ ఈరోజే సరిచేసి, 6 నుంచి 8 వారాలకి అదే ల్యాబులో మళ్లీ చేయించండి. చెయ్యి 32 డిగ్రీలకి, కాలు 30కి తగ్గకుండా వెచ్చబరిచి, ఆ అంకె రిపోర్టులో రాయమనండి. ఈలోగా బొటనవేలి పక్క కండ గుంటపడుతుంటే ఆగకండి, కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) న్యూరాలజీ ఓపీకి పాత రిపోర్టుతో సహా తీసుకెళ్లండి.