పాప అరచేతులు పచ్చగా అయ్యాయి, క్యారెట్ వల్లేనా?

పాపాయి_అమ్మ:
మా పాపకి పది నెలలు. రోజూ క్యారెట్, గుమ్మడికాయ ఉడకబెట్టి, నెయ్యేసి మెత్తగా మెదిపి పెడుతున్నా. పోయిన వారం అరచేతులు, అరికాళ్లు, ముక్కు కొస పసుపు రాసినట్టు అయ్యాయి. అత్తయ్యేమో పచ్చకామెర్లే, నాటుమందు వేయిద్దామన్నారు. పరుగున డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆయన కనురెప్ప లాగి చూసి "కళ్లు తెల్లగానే ఉన్నాయి, క్యారెట్ తగ్గించండి" అని పంపేశారు. దీనికా ఇంత టెన్షన్ పడ్డాను! కానీ ఒక డౌటు. తొమ్మిదో నెలలో విటమిన్ ఎ మందు కూడా పట్టించాం. రెండూ కలిసి ఎక్కువైపోదు కదా?

పెరటి_మునగ:
కంగారు పడకు చెల్లీ. నేను న్యూట్రిషన్ చదివాను. క్యారెట్‌లో ఉండేది బీటా కెరోటిన్. దాన్ని పేగు గోడలోని ఒక ఎంజైమ్ రెండుగా కోస్తేనే విటమిన్ ఎ తయారవుతుంది. ఒంట్లో సరిపడా ఉంటే ఆ కోత నెమ్మదిస్తుంది. కోయకుండా మిగిలింది రక్తంలో తిరిగి చర్మంలో చేరుతుంది. అరచేతుల్లో, అరికాళ్లలో చర్మం మందం, అందుకే రంగు అక్కడ బాగా కనిపిస్తుంది. కళ్లలోని తెల్లభాగం మాత్రం పచ్చబడదు. కామెర్లయితే కళ్లు కూడా పచ్చబడతాయి, మీ డాక్టర్ చూసింది అదే. పట్టించిన మందు సంగతి వేరు. అది నేరుగా విటమిన్ ఎ, కాబట్టి చెప్పిన మోతాదు దాటకూడదు.

తాలింపు_గరిటె:
మాది దీనికి పూర్తిగా ఉల్టా. నాన్నకి స్టెంట్ వేశాక ఇంట్లో నూనె బంద్ పెట్టాం. పాలకూర, తోటకూర ఉత్త నీళ్లలో ఉడికించి పెట్టేవాళ్లం, మహా ఆరోగ్యమనుకుని. చెకప్‌లో డైటీషియన్ నవ్వేసింది. కెరోటిన్ నీళ్లలో కరగదు, కొవ్వులోనే కరుగుతుంది. పైత్యరసం ఆ కొవ్వును సన్నసన్నని బిందువులుగా చేస్తేనే పేగు పీల్చుకుంటుందట. అలాగని నూనెలో ముంచక్కర్లేదు, భోజనానికి 4, 5 గ్రాములు చాలట. అంటే ఒక టీస్పూను. ఇప్పుడు ఆకుకూరకి చిన్న తాలింపు పెడుతున్నాం. నాన్న మొహంలో కళ మాత్రం ఆ తాలింపు వాసనకే వచ్చింది!

పచ్చికూర_ప్రియుడు:
పచ్చి క్యారెట్ నమిలితేనే మంచిదని నేను రోజూ రెండు లాగిస్తున్నానే!

పెరటి_మునగ:
నమలండి అన్నా, తప్పులేదు. కాకపోతే అందులోని కెరోటిన్ చాలావరకు గట్టి కణాల గోడల మధ్యే చిక్కుకుని అలాగే బయటికి పోతుంది. తురిమినా, ఉడికించినా ఎక్కువ దక్కుతుంది. తిండిలోని 12 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్‌ను 1 మైక్రోగ్రాము విటమిన్ ఎ కింద లెక్కేస్తారు. ఆకుకూరలో అది ఆకుపచ్చ రేణువుల్లో ఇరుక్కుని ఉంటుంది. బొప్పాయి, మామిడిపండులో సులువుగా వదులుతుంది.

గుంటూరు_పచ్చడి:
టమాటా ఎర్రదనం లైకోపీన్‌ది. అది విటమిన్ ఎ అవదు గానీ, నూనెలో మగ్గిన పచ్చడి నుంచి పచ్చి ముక్కల కంటే బాగా ఒంటబడుతుంది. మా అమ్మ పచ్చడికి ఇన్నాళ్లకి సైన్సు తోడొచ్చింది. అది సరే, నేను సిగరెట్లు కాలుస్తాను. బీటా కెరోటిన్ మాత్రలు వేసుకోవచ్చా?

పెరటి_మునగ:
వద్దు! ఫిన్లాండ్‌లో సిగరెట్ కాల్చే మగవాళ్లకి రోజూ 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. 1994లో బయటపెట్టారు. మామూలు కూరలతో ఆ భయం లేదు.

పాపాయి_అమ్మ:
నెల దాటింది. ముక్కు తేటపడింది, అరికాళ్లు ఇంకా కాస్త లేతపసుపే. తను తీసిన దిష్టికే తగ్గిందంటున్నారు అత్తయ్య. సొరకాయ, బీరకాయ పెడుతుంటే పాప ఉమ్మేస్తోంది, క్యారెట్ గిన్నె కనబడితే మాత్రం నోరు తెరుస్తోంది. వారానికి రెండుసార్లు పెట్టొచ్చా అక్కా?