షెల్డన్‌ది ఆటిజమేనా? రాసినవాళ్ళే కాదన్నాక ఇంకా చర్చేంటి

స్క్రిప్టుపిచ్చి:
కామెడీ సీరియళ్ళ మీద ఏ చర్చ మొదలైనా కాసేపట్లో ఎవరో ఒకరు వచ్చి "షెల్డన్‌ది ఆటిజం కదా" అని తేల్చేస్తారు. 'ద బిగ్ బ్యాంగ్ థియరీ' 2007 నుంచి 2019 దాకా నడిచింది. 12 సీజన్లు, 279 ఎపిసోడ్లు. అందులో మేధావి శాస్త్రవేత్త షెల్డన్‌కి ఆ నిర్ధారణ జరిగినట్టు ఎక్కడా చూపించలేదు. సృష్టికర్తల్లో ఒకడైన బిల్ ప్రేడీ ఆ ఉద్దేశంతో రాయలేదని చెప్పాడు. పాత్ర వాళ్ళది. వాళ్ళే కాదంటుంటే మనం డాక్టర్ల అవతారం ఎత్తడం దేనికి? 'ద బ్రిడ్జ్'లో సాగా నొరేన్, 'కమ్యూనిటీ'లో అబేద్, 'బోన్స్'లో బ్రెన్నన్, అందరిదీ ఇదే వరస. మనిషి కాస్త తెలివిగా, కాస్త తిక్కగా ఉంటే చాలు, నుదుటిన చీటీ అంటించడమే.

మూడోబెంచి:
అదే ప్రేడీ ఇంకో మాట కూడా అన్నాడు, దాన్ని వదిలేశారు. పేరు పెడితే ప్రతి వివరమూ సరిగ్గా చూపించాల్సిన భారం నెత్తిన పడుతుందట. అంటే లక్షణాలు కావాలి, వాటి మీద నవ్వులు కావాలి, బాధ్యత మాత్రం వద్దు. ఆ వేషం వేసిన జిమ్ పార్సన్సే, ఈ లక్షణాలు ఇంతకన్నా ఎక్కువగా కనబడటం కష్టమన్నట్టు మాట్లాడాడు. సోఫాలో ఎప్పుడూ అదే చోటు. ఏ రోజు ఏం తినాలో ముందే ఖాయం. వెటకారం తలకెక్కదు. ఎదురింటి అమ్మాయి తలుపు మూడుసార్లు తట్టి "పెన్నీ" అంటాడు, అదీ మూడు విడతలు. ఇవన్నీ కలిపితే ఏమవుతుందో మీరే చెప్పండి.

స్క్రిప్టుపిచ్చి:
తలుపు సంగతి ఎత్తారు గనక చెప్తున్నా. పదో సీజన్లో దానికి కారణం చెప్పారు. పదమూడేళ్ళప్పుడు ఇంట్లో ఓ తలుపు తీస్తే లోపల తండ్రి వేరే ఆవిడతో ఉన్నాడు. మొదటి తట్టు మర్యాదకి, మిగతా రెండూ లోపలివాళ్ళు బట్టలు వేసుకోవడానికట. కారణం కథలోనే ఉంది. ఆటిజంతో పనిలేదు.

టీకప్పు:
అన్నేళ్ళు నవ్వించాక పదో సీజన్లో అతికించిన కారణం అది. మొదటి సీజన్ రాసేటప్పుడు ఆ ఊహ ఉందంటే నేను నమ్మను.

స్క్రిప్టుపిచ్చి:
అతికించినా కథలో భాగమే కదా.

మూడోబెంచి:
కారణం ఉంటే ఆటిజం ఉండకూడదని ఎక్కడ రాసుంది? అదే దృశ్యం ఇంకో పిల్లాడు చూస్తే తండ్రితో మాట్లాడటం మానేస్తాడు, లేదా తల్లికి చెప్పేస్తాడు. పెద్దయ్యాక కూడా లెక్కపెట్టి తలుపులు తట్టడు. దెబ్బ ఎవరికైనా తగులుతుంది. దాన్ని ఇలాంటి నియమంగా మార్చుకోవడంలోనే అసలు సంగతి ఉంది.

నిశాచరి:
"నేను పిచ్చివాణ్ణి కాను, మా అమ్మ పరీక్ష చేయించింది" అని వాడే చెప్పుకుంటాడుగా. కేసు కొట్టేశారు :)

మూడోబెంచి:
పిచ్చికి చేయించింది. ఆటిజం పిచ్చి కాదు.

గులకరాయి:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నా. నాకు తలుపుతో పనిలేదు. మా అబ్బాయికి ఆటిజం. మాటలు చాలా తక్కువ. కొత్తవాళ్ళకి చెప్పీ చెప్పగానే మొదటి ప్రశ్న, "అయితే దేంట్లో దిట్ట?" 'ద గుడ్ డాక్టర్' చూసినవాళ్ళయితే మరీనూ. అందులో ఆటిజం ఉన్న సర్జన్ షాన్ మర్ఫీ కళ్ళముందు శరీరం లోపలి బొమ్మలు గాల్లో తేలతాయి, ఆపరేషన్ గట్టెక్కుతుంది. మావాడికి గాల్లో ఏమీ తేలవు. మిక్సీ మోగితే చెవులు మూసుకుని బల్ల కిందకి పోతాడు, ఆపేశాక కూడా చాలాసేపు బయటికి రాడు. అసాధారణ ప్రతిభ ఉండేది ఆటిజం ఉన్నవాళ్ళలో కొద్దిమందికే. టీవీలో మాత్రం దాదాపు అందరికీ ఉంటుంది. ఉన్నవాళ్ళు చాలరన్నట్టు, ఎవరూ పేరు పెట్టని మేధావుల్ని కూడా మీరు ఈ జాబితాలోకి లాగుతుంటే ఇక మావాడికి చోటెక్కడ?

నాకు నచ్చింది పిల్లల బొమ్మల కార్యక్రమం 'సెసమీ స్ట్రీట్'లో ఆటిజం ఉన్న పిల్ల జూలియా ఒక్కతే. టీవీ ఎపిసోడ్లలోకి 2017లో వచ్చింది. అందులోని పక్షి బొమ్మ బిగ్ బర్డ్ పలకరిస్తే ఆ పిల్ల బదులు పలకదు, తన రంగుల్లో తాను ఉంటుంది. నేనంటే ఇష్టం లేదేమోనని బిగ్ బర్డ్ చిన్నబుచ్చుకుంటాడు. మాకిది రోజూ ఉండేదే. ఆ బొమ్మని ఆడించిన ఆవిడ కొడుక్కీ ఆటిజమే. తెలిసినవాళ్ళు చేస్తే అలా ఉంటుంది.

స్క్రిప్టుపిచ్చి:
చూశారా, నేనన్నదీ అదే.

గులకరాయి:
కాదండీ, అది కాదు. మీ గొడవ రాసినవాళ్ళ హక్కు గురించి. నా గొడవ వేరు.

మూడోబెంచి:
గులకరాయి గారూ, మీ బాధ అర్థమైంది. నాదీ వినండి. నాకూ ఆటిజమని ముప్పై దాటాక తెలిసింది. అంతకుముందు ఆఫీసులో నా పేరు "లేడీ షెల్డన్". నా కుర్చీ కావాలనే జరిపి, నేను మళ్ళీ సరిచేసుకుంటుంటే ఫోన్లలో వీడియో తీసి గ్రూపులో పెట్టేవాళ్ళు. సీరియల్లో ఆ సోఫా చోటు మీద ఎవరైనా కూర్చోగానే నవ్వులు వినబడతాయి కదా, అచ్చం అవే నవ్వులు. షెల్డన్‌కి ఆటిజం అని కథలో చెప్పి ఉంటే అంత తేలిగ్గా నవ్వేవాళ్ళా?

ఇక పేరు పెట్టని పాత్రల వల్ల ఏం లాభం అంటారా, 'ద బ్రిడ్జ్' చూడండి. స్వీడన్, డెన్మార్క్ కలిసి తీశాయి, 2011లో మొదలైంది. పోలీసు అధికారి సాగా నొరేన్ ఆఫీసులో అందరిముందూ చొక్కా మార్చుకుంటుంది. అందులో వింతేముందో ఆమెకి తట్టదు. మొదటి ఎపిసోడ్లో వంతెన మీద హత్య జరిగిన చోటు దాటి అంబులెన్సుని పోనివ్వనంటుంది, నియమం నియమమే. నాలుగు సీజన్లూ నడిచింది, కథలో ఎవరూ ఆమెకి ఏ పేరూ పెట్టలేదు. ఆమెని చూశాకే నాకు అనుమానం వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "కళ్ళలోకి చూసి మాట్లాడుతున్నారు, ఉద్యోగం చేస్తున్నారు, మీకేంటమ్మా" అని పంపేశాడు. కళ్ళలోకి చూడటం నేను అద్దం ముందు నేర్చుకున్న విద్య అని ఆయనకి తెలీదు. ఇంకో చోట తేలింది.

స్క్రిప్టుపిచ్చి:
తప్పు మీ ఆఫీసువాళ్ళది. సీరియల్ ఏం చేసింది?

మూడోబెంచి:
ఎప్పుడు నవ్వాలో నేర్పింది.

వానచినుకు:
డాన్ హార్మన్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 'కమ్యూనిటీ'లో అబేద్ పాత్ర కోసం ఈ విషయం చదువుతూ చదువుతూ ఆ లక్షణాలు తనలోనే కనిపించాయని చెప్పాడు. రాసినవాడికే తర్వాత తెలిస్తే "ఉద్దేశం" అనే మాటకి విలువెంత?

స్క్రిప్టుపిచ్చి:
అది మినహాయింపు.

వానచినుకు:
'బోన్స్' రాసిన హార్ట్ హాన్సన్ కూడా మినహాయింపేనా? బ్రెన్నన్‌కి మూలం ఆస్పెర్జర్స్ (మాటలు, తెలివి బాగానే ఉండే ఆటిజం రకానికి పాత పేరు) ఉన్న తన స్నేహితుడని, పెద్ద ఛానల్ కాబట్టి పేరు పెట్టలేదని ఆయనే చెప్పాడు. రాసినవాళ్ళు చెప్పిందే వేదమంటే ఇదీ ఒప్పుకోండి మరి.

(దీనికి స్క్రిప్టుపిచ్చి జవాబివ్వలేదు.)

గులకరాయి:
మూడోబెంచి గారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకండి. ఉద్యోగం చేస్తారు, ఇంత పొడుగు పోస్టులు రాస్తారు. మీకున్నదీ మావాడికున్నదీ ఒకటేనంటారా?

మూడోబెంచి:
కోపం తెచ్చుకోకండి అని మొదలుపెట్టి సరిగ్గా ఆ డాక్టరు మాటే అన్నారు. ఒకటేనని నేనెక్కడన్నాను? ఆస్పెర్జర్స్‌ని విడిగా ఉంచకుండా 2013లో అమెరికా మనోవైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 అంతా ఒకే ఆటిజం స్పెక్ట్రమ్ కింద చేర్చింది. నేను చేర్చలేదు.

గులకరాయి:
చేర్చారు, మాటలొచ్చినవాళ్ళ చేతికి మైకు ఇచ్చారు. టీవీలో మీరే, వార్తల్లో మీరే, ఇక్కడా మీరే. ఆటిజం అంటే ఇప్పుడు జనానికి సూటు వేసుకున్న మేధావి. మావాడికి పళ్ళు తోమించడానికి ఇద్దరం పట్టుకోవాలని చెప్తే నన్నే వింతగా చూస్తున్నారు. షెల్డన్ మీ లెక్కలోకి వస్తే మీకు గౌరవం పెరుగుతుంది. మాకు ఉన్న కాస్త చోటూ పోతుంది.

మూడోబెంచి:
అయితే ఇదన్నమాట. షెల్డన్ కాదు మీకు అడ్డం, నేను.

నిశాచరి:
మోడరేటర్ ఎక్కడ?

మోడరేటర్:
వ్యక్తిగత దాడులు వద్దు. పాత్రల గురించి మాట్లాడండి, లేకపోతే ఈ చర్చ మూసేస్తా.

వానచినుకు:
పాత్రల గురించే అంటే, 2022లో వచ్చిన కొరియన్ సీరియల్ 'ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ' ఈ గొడవని తానే ఎత్తుకుంది. వూ యంగ్-వూ ఆటిజం ఉన్న లాయరు, రివాల్వింగ్ డోర్ దాటడం రాక ఆఫీసు గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది. మూడో ఎపిసోడ్లో ఆమె కాపాడాల్సిన ముద్దాయికీ ఆటిజమే, మాటలు చాలా తక్కువ. ఇద్దరినీ పక్కపక్కన చూసి అతని తల్లిదండ్రుల మనసు బరువెక్కుతుంది. ఇద్దరూ ఒకసారి చూడండి.

గులకరాయి:
చూశాను. ఆ కుర్రాడికి ఒక్క ఎపిసోడు. ఆవిడకి పదహారు.

మూడోబెంచి:
మీవాడికీ పదహారు కావాలని అడగండి, మీ వెనక నేనూ అడుగుతా. నావి తీసి ఇమ్మనకండి.

గులకరాయి:
ఎవర్ని అడగమంటారు? పెద్దగా మాట్లాడని హీరోకి పదహారు ఎపిసోడ్లు రాసేవాడు ఉంటే పేరు చెప్పండి, ఇప్పుడే ఉత్తరం రాస్తా.