అప్‌డేట్: ఎడిటర్‌లోకి రానన్న నాదస్వరం వచ్చేసింది

సింహాచలంలో జరిగిన మా చెల్లి పెళ్లి వీడియోకు నాదస్వరం జోడించబోతే వీడియో ఎడిటర్ సాఫ్ట్‌వేర్ ఆ ఆడియో ఫైలును తీసుకోవడం లేదని అడిగాను కదా, సమస్య తీరింది. సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్న సలహా వల్ల మాత్రం ఒరిగిందేమీ లేదు.

మీలో ఒకరు చెప్పినట్టు ఫైలును వీఎల్‌సీ అనే మీడియా ప్లేయర్‌లో తెరిచి, టూల్స్ మెనూలో కోడెక్ సమాచారం (ఆడియోను ఏ పద్ధతిలో కుదించారో చెప్పేది) చూశాను. పేరు చివర ఎంపీ3 అని ఉంది, లోపల ఉన్నది ఓపస్ అనే వేరే ఆడియో ఫార్మాట్! గాజువాక బావగారు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌కు పేరు మార్చి పంపారట. ఆ మెసేజ్‌లు ఓపస్‌లోనే ఉంటాయి. పేరు మార్చితే ఫార్మాట్ మారదు. బావగారు ఇప్పటికీ అది ఎంపీ3యేనని వాదిస్తున్నారు. వీఎల్‌సీ పేరును పట్టించుకోకుండా లోపలి డేటాను చూసి వినిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

వీఎల్‌సీలోనే కన్వర్ట్ ఎంచుకుని 48,000 హెర్ట్జ్, 16 బిట్ స్టీరియో వేవ్‌గా, అంటే కుదించని ఆడియో ఫైలుగా మార్చాను. నిమిషానికి 11 ఎంబీ పైనే అవుతుంది, అయితేనేం, ఎడిటర్ కిక్కురుమనకుండా తీసుకుంది. ఆన్‌లైన్ కన్వర్టర్ల జోలికి పోలేదు. ఇంటి శుభకార్యం ఆడియోను ముక్కూ ముఖం తెలియని సైటుకు అప్పగించడం నాకు నచ్చదు.

ఆర్‌కే బీచ్ దృశ్యాల కింద వేసిన పాట పోనుపోను వెనకబడుతోందని కూడా రాశాను. అది నిజమైన ఎంపీ3యే, కానీ బిట్‌రేట్ (సెకనుకు వాడే డేటా) మారుతూ ఉండే రకం. కొన్ని ఎడిటర్లు అలాంటి ఫైళ్ల నిడివిని తప్పుగా లెక్కగడతాయి. దాన్నీ వేవ్‌గా మార్చాక చివరి అల దాకా తాళం తప్పలేదు.