అప్‌డేట్: నాన్నగారి పాత రిటర్న్ సరిచేశాం

నాన్నగారి 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ (అంటే 2023-24లో వచ్చిన ఆదాయానికి) ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ చేరలేదు, ఇప్పుడేం చేయాలని ఇక్కడ అడిగాను కదా. రివైజ్డ్ రిటర్న్ (తప్పు సరిచేసి మళ్లీ వేసే రిటర్న్) గడువు 2025 జనవరి 15తోనే అయిపోయింది కాబట్టి మీరు చెప్పినట్టే ఐటీఆర్-యూ, అంటే ఆ గడువు దాటాక కూడా వేయగలిగే అప్‌డేటెడ్ రిటర్న్, వేశాం.

ముందు ఏఐఎస్ (మన ఆదాయం గురించి పన్ను శాఖ దగ్గరున్న వివరాల పట్టిక) డౌన్‌లోడ్ చేసుకుని, పాస్‌బుక్ పక్కన పెట్టుకుని ఒక్కో ఎంట్రీ సరిచూశాం. సేవింగ్స్ ఖాతా వడ్డీ కూడా చేరలేదని అప్పుడే తెలిసింది. ఈ పని మాత్రం ఎవరూ వదిలేయొద్దు, ఎందుకంటే ఒక అసెస్‌మెంట్ ఇయర్‌కి ఐటీఆర్-యూ ఒక్కసారే వేయనిస్తారు.

2026 మార్చి 31 లోపే వేశాం గనక పన్ను, దాని మీద వడ్డీ కలిపిన మొత్తంపై అదనంగా 25 శాతం పడింది. ఆ తేదీ దాటితే 50 అయ్యేది. డబ్బు ముందే సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్ (మనమే లెక్కగట్టి కట్టే పన్ను) కింద కట్టి, చలాన్ వివరాలు ఫారంలో నింపాం. ఆధార్ ఓటీపీతో వెరిఫై కూడా అయిపోయింది. నాన్నగారి మనసు కుదుటపడింది. అందరికీ చాలా థాంక్సండీ.